బావగారి బిళ్ళలు, నా ఎర్ర గీతలు

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకమంతా రెండే రకాలు: పాసైన వస్తువు, పాసవని వస్తువు. అరబ్బు దేశంలో, మెసయీద్‌లో ఒక ఉక్కు కంపెనీలో కొత్తగా నాణ్యత చూసే ఉద్యోగం. కడ్డీలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర మార్కర్‌తో గీత కొట్టి పక్కన పడేయడమే నా డ్యూటీ. అబూ హమూర్‌లో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి గనక అక్క చపాతీల గుండ్రం కూడా పరీక్షించేవాణ్ణి (రెండు వారాలకే అట్లకాడ చూపించి మాన్పించింది).

బావగారికి కాసినో బిళ్ళలు, అంటే పోకర్ ఆటలో వాడే ఆ రంగురంగుల చిప్పులు, పోగుచేసే పిచ్చి. ఆయన జన్మలో పేక ముట్టిన పాపాన పోలేదు. విదేశాలు తిరిగొచ్చే స్నేహితుల్ని బతిమాలి తెప్పించుకునేవారు. ఒక శుక్రవారం ఇదే పిచ్చి ఉన్న ఫిలిప్పీన్స్ మిత్రుణ్ణి తీసుకురావడానికి అల్ వుకైర్ బయల్దేరారు. ఆ మిత్రుడి దగ్గరున్న ఒక పాత బిళ్ళ కోసం బావగారు ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నారు. తన బిళ్ళల పెట్టెలోంచి అతనికి నచ్చింది ఇచ్చి దాన్ని పుచ్చుకోవాలని ఒప్పందం. "ఒరేయ్, నేనొచ్చేలోగా పెట్టె కాస్త సర్దిపెట్టరా" అన్నారు వెళ్తూ.

సర్దాను. చూద్దును కదా, ఒకదానికి మధ్య బొమ్మ పక్కకి జరిగింది, ఒకదానికి అంచు చారలు వెలిసినట్టున్నాయి, ఇంకోదాని మీద అంకె తలకిందులు! పాపం, బావగారిని ఎవడో నిలువునా ముంచాడనుకున్నాను. మార్కర్ తీసి పదకొండింటికి గీతలు కొట్టి గిన్నెలో పడేశాను.

"ఇవేమిట్రా?" అన్నారు బావగారు, అతిథి ముందు గిన్నె చూసి.

"డిఫెక్ట్ పీసులు బావగారూ. మీరు చూసుకోలేదు" అన్నాను, మెచ్చుకుంటారని.

"అచ్చు తప్పినవేరా అసలు సరుకు! బాగున్నవి ఎక్కడైనా దొరుకుతాయి!" అంటూ ఆయన గిన్నె లాక్కున్నారు. అక్క స్పిరిట్‌తో తుడిస్తే గీతతోపాటు బొమ్మా పోయింది. "ఖలాస్, సార్" అని అతిథి టీ తాగి, తన బిళ్ళ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. బావగారు అన్నం ముట్టలేదు. నాకైతే ఏడుపు ఒక్కటే తక్కువ.

సాయంత్రం ఆయనే గిన్నెలోంచి ఒక బిళ్ళ తీసి పిలిచారు. "ఇది మంచిదనే అనుకున్నానే. తప్పెక్కడుంది?"

ఒక చార మిగతావాటికన్నా రవ్వంత సన్నమని చూపించాను. భూతద్దంలో చాలాసేపు చూశారు. "నీ దుంపతెగ! ఏడేళ్ళుగా నా దగ్గరే ఉంది, నాకే కనపడలేదురా!" అని పకపకా నవ్వారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు (మార్కర్ మాత్రం అక్క దగ్గర ఉండేది).

ఇప్పుడాయన కాకినాడలో ఉంటున్నారు. కొత్త బిళ్ళ చిక్కినప్పుడల్లా వాట్సాప్‌లో ఫొటో పంపి, "తేడా ఉందేమో చూడరా" అంటారు. కళ్ళజోడు సర్దుకుని, ఎంత పెద్దది చేసి చూసినా నాకేమీ కనపడదు. "ఉంది బావగారూ, భలేది పట్టారు" అని రాస్తాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనిచ్చిన దొంగ రిపోర్టులు ఇవే. ఒక్కదానికీ సిగ్గుపడను.