గుట్ట కింద అలికిన వాకిళ్లు

ఎనభైల్లో ఒక ఆషాఢం. ఉదయం ఏడున్నరకు ఖానాపూర్ బంగళాలో ఉప్మా తిని బస్సెక్కాను. వారంగా అక్కడే బస. వానలకు గుట్ట జారితే ఏ ఇళ్ల మీద పడుతుందో చూసి, పటంలో ప్రమాదమున్నచోట ఎరుపు, లేనిచోట పచ్చ వేయడం నా ఉద్యోగం. పచ్చ వేసిన ఊరి గురించి ఇక ఎవరూ పట్టించుకోరు.

తొమ్మిదికి ఊరు చేరాను. వాలు మీద ముప్పై ఇళ్లు. వాకిళ్లు, పెరళ్లు నున్నగా అలికి ముగ్గులేశారు. ఎక్కడా పగులు లేదు. పచ్చ వేసి, వాళ్లు పెట్టిన జొన్నరొట్టె తిని, రెండు గంటల బస్సు అందుకున్నాను. ఇంత తొందరగా పని ముగించే మొనగాడు మా ఆఫీసులో లేడని నా నమ్మకం.

పక్క సీట్లో అదే ఊరి రైతు పోశెట్టి. నిర్మల్‌కు పోతున్నాడు.

"మీరొస్తున్నరని చాటింపేసిన్రు సారు. మూడొద్దుల సంది ఆడోళ్లది అలుకుడే! మా ఇంటెనుక జానెడు నెర్రె వడ్డది. మన్ను కూరి, పెండతోటి అలికినం. జరంత గూడ కనవడనియ్యలే" అన్నాడు గొప్పగా.

బస్సాపించి దిగాను. పోశెట్టీ బిత్తరపోయి నా వెంట దిగాడు.

తిరిగి చేరేసరికి నాలుగైంది. వాన పట్టుకుంది. గోడ వెనక అలుకు తీయమని నేను అరుస్తుంటే పోశెట్టి భార్య లక్ష్మవ్వ పారతో గీకింది.

"ఖరాబైన ఇల్లు సర్కారాయనకు సూపెడ్తమా సారు? ఇజ్జత్ పోదా?"

మూడడుగుల కొలబద్ద పగుల్లోకి పూర్తిగా దిగింది, అడుగు తగల్లేదు. పక్కిళ్ల ఆడవాళ్లు తలలు వంచుకుని తమ పెరళ్లూ గీకారు. పదకొండు ఇళ్ల పగుళ్లను కాగితం మీద కలిపితే కొడవలి వంపులా ఒకే గీత అయింది. దాని కిందున్న ఇళ్లన్నీ జారే నేల మీదే ఉన్నాయి.

ఆరుకల్లా అందరినీ అవతలి మిట్ట మీది బడికి తరిమాను. లక్ష్మవ్వ మాత్రం కదల్లేదు.

"బర్రె ఈనేటట్టున్నది. ఇడిసిపెట్టి నేను రాను."

"బర్రెను నేను తోలుకొస్తాను. నీకు దండం పెడతా, నడువు తల్లీ!"

జీవితంలో బర్రె తాడు పట్టనివాణ్ణి, బురదలో రెండుసార్లు పడ్డాను. ఎవరూ నవ్వలేదు.

తెల్లారి చూస్తే ఎనిమిది ఇళ్లు లేవు. లక్ష్మవ్వ ఇంటి చోట ఎర్రమన్ను, బండలు. మనుషులంతా దక్కారు.

పోశెట్టి నా చేతులు పట్టుకున్నాడు. "మీరు మర్లి రాకుంటే సచ్చేటోళ్లం సారు."

నాకు తలెత్తడానికి సిగ్గేసింది. వాళ్లకు చావు రాసింది నిన్నటి నా పచ్చరంగే.

మధ్యాహ్నం రెండున్నరకు నిర్మల్‌లో, మా ఆఫీసున్న కరీంనగర్‌కు పోయే బస్సెక్కాను. ఎరుపు దిద్దుదామని సంచి విప్పితే, వారంలో ముగించిన మిగతా పటాలూ చేతికొచ్చాయి. నాలుగు ఊళ్లు, నాలుగూ పచ్చ. అక్కడా చాటింపు వేశారు. అక్కడా వాకిళ్లు అద్దాల్లా ఉన్నాయి. ఎంత శుభ్రమైన ఊరో అని నేనే మెచ్చుకున్నాను.

బయట వాన మళ్లీ మొదలైంది. బస్సు కదిలింది. సంచి చంకన పెట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"ఏం మరిసినవ్ సారూ?" అన్నాడు కండక్టర్.

"నాలుగు ఊళ్లు" అన్నాను.