గండికోట దగ్గర సీసపు చీర

ఉదయం ఐదున్నరకు కోయిలకుంట్ల బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాను. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాకే సంచి కింద పెట్టాను. ఈ ప్రయాణం గురించి కోపంతోనే రాస్తున్నాను. వారమైనా అది చల్లారలేదు.

నా పని చాలామందికి తెలియదు. సినిమాల్లో నీళ్ల అడుగున తీసే సన్నివేశాలకు నటుల దగ్గర గాలి సిలిండరుతో కాచుకుని ఉంటాను. కెమెరాకు కనిపించకూడదు, ఊపిరి మాత్రం అందించాలి. ఈత బావుల్లో వచ్చింది. కాపు కాయడం మా చర్చి సంఘంలో నేర్చుకున్నాను. కుందూ నదిలో బాప్తిస్మాలు జరిగేటప్పుడు పాస్టరుగారి పక్కన ఇరవై ఏళ్లుగా నిలబడేది నేనే. మునిగేవాళ్లు నా మణికట్టు పట్టుకుంటారు. ఆ పట్టు బిగిసినా, జారినా పాస్టరుగారి కోసం చూడకుండా పైకి లేపేస్తాను. ఆయన ఒక్కసారి కూడా కోప్పడలేదు.

బస్సులో పక్క సీటు అవ్వ కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి, నా టికెట్టు చూసి నవ్వింది. "ఆడోళ్లకు ఫిరీలేప్పా. యాడికి పోతాండావు?"

"గండికోట కాడికవ్వా. నీళ్లలో సినిమా తీస్తాండారు."

"పెన్నలోనా?"

"కాదు. ఇనప తొట్టి కట్టి ట్యాంకర్లతో నింపినారు."

అవ్వ నవ్వు ఆగిపోయింది. "మా ఊరికి ట్యాంకరు నాలుగు దినాలకొకసారి వస్తాది. బిందెల కాడ జుట్లు పట్టుకుంటాం. మాకు తాగేదానికి లేవు, వాళ్లకు మునిగేదానికి ఉండాయా?"

నేను కిటికీ బయటికి చూశాను. శనగ కోసేసిన నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఏడుంబావుకు జమ్మలమడుగు. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లు అక్కడే తినండి, పైన ఏమీ దొరకదు. కంపెనీ జీపులో ఎనిమిదిన్నరకు కోట దగ్గరికి చేరాను. కోటకు ఇవతల బీడు భూమిలో తొట్టి ఉంది. మూడు నిలువుల లోతు, చుట్టూ నీలం గుడ్డ, అడుగున ప్లాస్టరుతో చేసిన బండలు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు నేను పక్కకు నిలబడి నా ప్రభువుకు నేను మొక్కుకున్నాను.

కథానాయిక బదులు మునిగే మనిషి షమీమ్. ప్రొద్దుటూరులో పిల్లలకు ఈత నేర్పుతుంది. ఇద్దరు బిడ్డల తల్లి. నన్ను చూడగానే చీర అంచు ఎత్తి చూపించింది.

"చూడన్నా, సీసం గుండ్లు కుట్టినారు. వలకు కుడతారే, అవే."

పట్టుచీర నీళ్లలో పైకి తేలకుండా ఉండాలని అలా చేశారు. చేత్తో తూచి చూశాను. ఆ బరువుతో ఆమె తనంతట తాను పైకి రావడం కుదరదు. అందుకే ఆమె మణికట్టుకు సన్నని దారం కట్టి, రెండో కొస నా వేలికి చుట్టుకుంటానన్నాను. రెండుసార్లు లాగితే నేను వెళ్తాను.

డైరెక్టరు ఒప్పుకోలేదు. "లైటు పడితే దారం మెరుస్తుంది. గాలి కావాలంటే రెండు చేతులూ పైకెత్తి ఊపమనండి, చాలు."

నేను తలూపాను. నా తప్పు అక్కడ మొదలైంది.

పదకొండున్నరకు మొదటి టేకు. సన్నివేశం ప్రకారం ఆమె మునిగిపోతున్న మనిషి. నేను బండ వెనక కూర్చున్నాను. ఆమె కాసేపు కొట్టుకుని రెండు చేతులూ పైకెత్తి ఊపింది. వెంటనే వెళ్లి గాలి గొట్టం నోటికి అందించాను. పైకి వచ్చాక తెలిసింది, ఆమె నటిస్తోందట. చేతులు బాగా ఊపమని నేను దిగాక డైరెక్టరే చెప్పాడట.

"షాట్ అద్భుతంగా వస్తుంటే మధ్యలో దూరతావేంటయ్యా?" అని మైకులో అందరూ వినేలా తిట్టాడు. అంటే మేం పెట్టుకున్న గుర్తునే ఆయన నటనలో కలిపేశాడు. ఇక నిజంగా గాలి కావాలంటే ఆమె ఏం చెయ్యాలి? అడిగాను. "అన్నం టైమయింది, తర్వాత చూద్దాం," అన్నారు. తర్వాత ఎవరూ చూడలేదు.

రెండున్నరకు రెండో టేకు. ఆమె మళ్లీ చేతులు ఊపింది. నేను కదల్లేదు. తిట్లు చెవిలో ఉన్నాయి. ఊపుతూనే ఉంది. అప్పుడు ఆమె కళ్లు చూశాను. నటించే మనిషికి ఎటు చూడాలో ముందే చెప్తారు. ఆమె అటు చూడటం లేదు, నా వైపే చూస్తోంది. చీర అంచు బండ కింద ఇరుక్కుంది. ముక్కు నుంచి బుడగలు రావడం లేదు.

చీర చింపేసి, గొట్టం నోట్లో పెట్టి పైకి లాక్కొచ్చాను. ఆమె నా మణికట్టు వదల్లేదు. గట్టు మీద పడుకోబెడితే నీళ్లు కక్కుకుని, చాలాసేపటికి "యా అల్లా" అంది.

బైబిల్లో పేతురు సముద్రంలో మునిగిపోతూ కేక వేస్తే ప్రభువు వెంటనే చెయ్యి చాపాడు. ఎన్ని ఆదివారాలు ఆ మాట మీద సంఘానికి బోధించానో! ఆ రోజు నా దగ్గర ఆ 'వెంటనే' లేదు. ఒక మనిషి తిట్టాడని దాన్ని పారేసుకున్నాను. డైరెక్టరు మీద నా కోపం ఎంతో నా మీద అంత.

"మీ ఇంటి ఆడమనిషికి సీసం కట్టి దింపుతావా నువ్వు?" అని డైరెక్టరు మీద అరిచాను. సంఘపెద్దగా నేను ఎవరినీ ఏకవచనంతో పిలవను. ఆ రోజు పిలిచాను. నన్ను వెళ్లిపొమ్మన్నారు.

ఐదింటికి షమీమ్, నేను ఒకే జీపులో దిగాం. జమ్మలమడుగులో ఆమె ప్రొద్దుటూరు బస్సెక్కుతూ గొంతు బొంగురుగా ఉన్నా నవ్వింది. "డైరెక్టరు ఆయప్పకు ఒక్కసారి ఆ చీర కట్టాల అన్నా. శానా బాగుంటాడు."

ఆరింటికి నా బస్సు కదిలింది. ఊరు దాటగానే కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. క్షమాపణ అనుకున్నాను.

"రెండో టేకు డైరెక్టరుగారికి తెగ నచ్చిందండీ. మీ చెయ్యి ఫ్రేములోకి వచ్చేదాకా వాడుకుంటారట. ఇక మళ్లీ తీయక్కర్లేదు."

"ఆమె చేతులు ఊపింది నటన కాదయ్యా."

"తెలుసండీ. అందుకే అంత బాగా వచ్చింది."

ఫోను పెట్టేశాను. మణికట్టు మీద ఆమె గోళ్లు దిగిన చోట నాలుగు గాట్లు మండుతున్నాయి. మీలో ఎవరైనా ఈ పనికి వెళ్తే దారం లేకుండా దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. మిగతావాళ్లు ఏదో ఒక రోజు ఆ సినిమా చూస్తారు. పట్టుచీర కట్టిన ఆడమనిషి నీళ్లలో రెండు చేతులూ ఊపుతుంది. అప్పుడు చప్పట్లు కొట్టకండి. ఆమె నన్ను పిలుస్తోంది, నేను బండ వెనక కూర్చుని ఉన్నాను.