నిండు బండిని లాగిన రోజు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం చిట్కుల్ నుంచి ఒకామె కూతురి పెళ్లికి పిలవడానికి మా ఇంటికి వచ్చింది. ఎవరైనా గడప దాటి వస్తుంటే అందరూ ముఖం చూస్తారు, నేను మాత్రం ఆమె కుడి చేయి చూశాను. ముప్పై ఏళ్లుగా నాకదే అలవాటు. కుంకుమ భరిణెను పట్టుకున్న నాలుగు వేళ్లు, ఎప్పటిలాగే లోపలికి వంగి ఉన్న చిటికెన వేలు. ఆ నాలుగు వేళ్లు ఎలా తెరుచుకున్నాయో మా సందులోని పాత మనుషులకు తెలుసు, వాళ్లలో ఇప్పుడు మిగిలిందే కొద్దిమంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు కాబట్టి నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా నోరు అంత మంచిది కాదు, అయినా నా మాటలు దిద్దవద్దని ముందే చెప్పాను.

మా ఇంటాయన ఫైరింజన్ మీద పనిచేసేవాడు. మేము ఇస్నాపూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం, ఆయన సైకిల్ మీద పటాన్‌చెరు స్టేషన్‌కు వెళ్లివచ్చేవాడు. ఇంటికి వచ్చిన ఖాకీ చొక్కాను ఎన్నిసార్లు ఉతికినా పొగ వాసన పోయేది కాదు, ఆ వాసన లేకపోతే మా పిల్లలకు నాన్న వచ్చినట్టే అనిపించేది కాదు. ఆయనకొక పిచ్చి ఉండేది. రాత్రి తినే ముందు ఇంట్లో బిందెలన్నీ తట్టి చూసేవాడు. ఒక్కటి వెలితిగా మోగినా అన్నం ముందు కూర్చోకుండా చేతిపంపు దగ్గరికి వెళ్లేవాడు. అలా తట్టడం నాకూ అంటుకుంది. రోడ్డు మీద వాళ్ల బండి పోతుంటే ట్యాంకు నిండిందో లేదో నేను ఇంట్లోంచే చెప్పేదాన్ని. నిండు బండి వెనక భాగం కిందికి కుంగి, నెలలు నిండిన ఆడమనిషిలా బరువుగా, చప్పుడు తక్కువగా పోతుంది. ఖాళీ బండి డబ్బాలా ఎగిరెగిరి మోగుతుంది.

ఆ రోజుల్లో మా సందు చివరి గదిలో కొత్తగా పెళ్లైన ఒక జంట కిరాయికి దిగింది. ఆ పిల్ల పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే పనికి పోయేది. పొద్దున నడిచిపోతూ, "అక్కా, చాయ్ తాగినవా" అని నన్ను పలకరించకుండా సందు దాటేది కాదు. ఒక సాయంత్రం ఆ గదిలో పంపు స్టవ్వు పేలింది. ఆ పిల్లను బయటికి లాక్కొచ్చింది మా ఇంటాయనే. ప్రాణం దక్కింది గానీ కుడి చేతి వేళ్లు మానుతూ మానుతూ అరచేతికి అతుక్కుపోయి పిడికిలిలా ముడుచుకున్నాయి. కంపెనీలో కాలి ఉంటే ఎవరో ఒకరిని అడగవచ్చు, ఇంట్లో స్టవ్వు పేలితే ఎవరిని అడుగుతాం. పట్నంలో డాక్టరు రెండుసార్లు ఆపరేషన్ చేస్తే వేళ్లు విడతాయన్నాడు, ఆలస్యం చేస్తే ఎముకలు అలాగే గట్టిపడిపోతాయన్నాడు. ఆమె మొగుడి రోజు కూలీ ఆమె మందులకే చాలేది కాదు. ఆరు నెలలు నేనే ఆ పిల్లకు అన్నం కలిపి తినిపించాను. ఎడమ చేత్తో తినమంటే వినేది కాదు, ఏడ్చేది. నాకు ఓపిక తక్కువ, ఒక్కోసారి ముద్ద పెడుతూనే తిట్టేదాన్ని. తరువాత పొయ్యి దగ్గర కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని.

ప్రతి వేసవిలో ఫైర్ వాళ్లకు ఒక వారం వచ్చేది. కంపెనీల ముందు మంటలు ఆర్పి చూపించేవాళ్లు, చొక్కాలకు చిన్న కాగితం జెండాలు గుచ్చి విరాళం అడిగేవాళ్లు. ఆ ఏడాది ఆ విరాళమంతా ఆ పిల్ల చేతికే అని స్టేషన్ వాళ్లంతా అనుకున్నారు, పై సారు కూడా ఒప్పుకున్నాడు. కానీ కాగితం జెండాలతో ఎంతని వస్తుంది. అప్పుడు చాయ్ హోటల్లో ఒక లేబర్ కాంట్రాక్టర్ మా వాళ్లను ఎగతాళి చేశాడు, ఇంజన్ లేకపోతే మీ బండి కదులుతుందా, మీరు కదులుతారా అని. మా ఇంటాయన అక్కడే ఒప్పందం మాట్లాడాడు. స్టేషన్ టీమంతా కలిసి పాశమైలారం కంపెనీల దగ్గర నుంచి ఇస్నాపూర్ చౌరస్తా దాకా బండిని మోకుతో లాగాలి, దారిలో ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. అలా చేరిస్తే ఆపరేషన్‌కు కావలసిన దాంట్లో సగం తానే ఇస్తానని కాంట్రాక్టర్ పదిమంది ముందు అన్నాడు. మిగతాది దారి పొడుగునా దుకాణాలవాళ్లు, కంపెనీల కార్మికులు వేస్తామన్నారు. పై సారు ఒకే ఒక షరతు పెట్టాడు. ఉన్నది ఒక్క బండి, అది డ్యూటీలోనే ఉంటుంది, పిలుపు వస్తే ఎక్కడున్నా కదలాలి. దానికి అందరూ తలలూపారు. ఆ ఒక్క పొద్దున ఏమవుతుందిలే అని అందరి ధైర్యం.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే రోడ్డుకు రెండు పక్కలా జనం నిండారు. ఫైర్ వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లమంతా మజ్జిగ కుండలతో వెళ్లాం. ఆ పిల్ల కూడా చేయి కొంగులో దాచుకుని వచ్చింది. మోకు కట్టారు, పద్నాలుగు మంది రెండు వరుసలుగా నిలబడ్డారు. మా ఇంటాయన మోకు పట్టుకోబోయి ఎందుకో వెనక్కి వెళ్లి ట్యాంకును వేళ్లతో తట్టాడు. ఆయన ముఖం మారిపోవడం నేను ఇవతలి నుంచే చూశాను. బండి నడిపే డ్రైవర్, నేను తమ్ముడని పిలిచే అతను, మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జెర బరువు తగ్గుతదని పొద్దుగాల నేనే సగానికెక్కువ నీళ్లు ఇడిసిన. గిప్పుడు ఎవనికి తెలుస్తది?"

"మంటకు తెలుస్తది," అన్నాడు మా ఇంటాయన.

అంతే, బండిని స్టార్ట్ చేయించి, పక్క కంపెనీ బోరు దగ్గరికి తీసుకుపోయి మళ్లీ నింపించాడు. గంటకు పైగా పట్టింది. ఎండ ముదిరింది, జనంలో కొందరు డ్యూటీకి వేళైందని వెళ్లిపోయారు. డ్రైవర్ తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు, మిగతావాళ్లు పైకి అనలేదు గానీ పళ్లు నూరుకున్నారు. నేను మాత్రం పైకే అన్నాను, "నీ నీళ్లు నువ్వే తాగు, ఆ పిల్లకు జల్మంత నేనే తినిపిస్త" అని నలుగురిలో కడిగేశాను. ఆయన వెళ్లి మోకు అందుకున్నాడు. ఆ మాట అన్నందుకు తరువాత చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను.

నిండు బండిని మనుషులు లాగడం చూడని వాళ్లకు చెప్పలేను. మొదట కదలదు. మడమలు తారులోకి దిగుతాయి, మెడ నరాలు తాళ్లలా లేస్తాయి, ఇంతలో ఎక్కడో చక్రం కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్లమంతా కేకలేశాం. ఒకసారి కదిలాక ఎద్దులు నడిచినట్టు నడిచారు, పాట లేదు, మాట లేదు, ఊపిరే పాట. దారిలో దుకాణాలవాళ్లు, కార్మికులు ఎదురొచ్చి జోలెలో వేస్తున్నారు. బిహార్ నుంచి వచ్చిన కూలీలు కూడా పొద్దుటి చాయ్ పైసలు వేశారు. దగ్గర దగ్గర సగం దూరం వచ్చామనుకుంటుండగా బండిలో వైర్‌లెస్ గరగరమంది. లక్డారంలో గడ్డివాములకు అంటుకుంది, గాలి గుడిసెల వైపు ఉంది.

ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. మోకు విప్పి కింద పడేశారు, పద్నాలుగు మందీ ఎక్కడ చేయి దొరికితే అక్కడ వేలాడారు, సైరన్ మోగింది, బండి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. రోడ్డు మీద మోకు, మజ్జిగ కుండలు, మేము మిగిలాం. ఆ పిల్ల కాళ్లు మడిచి రోడ్డు పక్కనే కూలబడింది.

కాంట్రాక్టర్ స్కూటర్ మీద నుంచి దిగనైనా దిగలేదు. "ఇంజన్ స్టార్ట్ జేసిన్రు, ఇగ ఖతం. మోకు సుట్టుకొని ఇంటికి వోండ్రి అక్కా," అన్నాడు.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తెగువ. బండి ముందు చక్రం ఆగిన చోట తారు మీద నొక్కుకుపోయిన గుర్తు ఉంది. వెళ్లి దాని మీద రెండు కాళ్లూ పెట్టి, మోకు కొస ఎత్తి భుజాన వేసుకున్నాను. "బండి వోయింది గని మోకు ఈడనే ఉన్నది. నువ్వు వోయి చాయ్ తాగిరా, ఆళ్లొచ్చి ఈడ నుంచే మళ్ల గుంజుతరు," అన్నాను.

అతను రూలు రూలే అంటూ ఏదో మొదలుపెట్టాడు. కంపెనీ గేటు దగ్గర కాపలా ఉండే ఒక ముసలి తాత ఊరుకోలేదు. "బండి గుడిసెలు కాలుతుంటె వోయింది బిడ్డా, పెండ్లి దావత్‌కు వోలేదు. జెర మనిషి లెక్క మాట్లాడు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాంట్రాక్టర్ స్కూటర్‌కు స్టాండ్ వేశాడు.

ఎంతసేపు నిలబడ్డానో గడియారం చూసినవాళ్లు చెప్పాలి, నాకు తెలిసింది అరికాళ్ల మంట ఒక్కటే. లారీలు హారన్ కొట్టి తిట్టి నన్ను చుట్టి పోయాయి. డ్రైవర్ తమ్ముడి పెళ్లాం వచ్చి నా వెనక మోకు పట్టుకుంది, తరువాత ఇంకొకామె, తరువాత ఆడవాళ్లమంతా. చివరికి ఆ పిల్ల లేచి వచ్చి, ముడుచుకున్న పిడికిలి సందులోంచి మోకు పోనిచ్చి నా పక్కన నిలబడింది. కూర్చోమని తిట్టినా కదలలేదు.

పొద్దు నడినెత్తి దాటాక బండి వచ్చింది. దూరం నుంచే డబ్బా మోత వినిపించింది, చుక్క కూడా మిగల్చకుండా వాడారని అర్థమైంది. గడ్డి పోయింది, ఒక్క గుడిసె అంచు కాలింది, మనుషులకు ఏమీ కాలేదు. మసి ముఖాలతో దిగిన వాళ్లలో డ్రైవర్ తమ్ముడు నేరుగా మా ఇంటాయన ముందుకు వెళ్లి తల వంచుకుని నిలబడ్డాడు. ట్యాంకు పొద్దుటిలాగే వెలితిగా ఉంటే గుడిసెలు దక్కేవి కావని ఇద్దరికీ తెలుసు. మా ఇంటాయన అతని భుజం మీద చేయి వేశాడు.

అప్పుడు కాంట్రాక్టరే అన్నాడు, "సరే, ఆమె జరగలే కాబట్టి నేను కూడ మాట తప్ప. ట్యాంక్ ఖాళీగున్నది, అల్కగ గుంజొచ్చు, షురూ చెయ్యుండ్రి."

మా ఇంటాయన నా కాళ్ల వైపు చూశాడు. "ఇంకో జెర సేపు నిలబడు. నీళ్లు పట్టుకొస్త."

ఈసారి నేను తిట్టలేదు. ఎవరూ పళ్లు నూరలేదు. నింపుకుని వచ్చి, ముందు చక్రాన్ని సరిగ్గా నా కాళ్ల ముందు ఆపి, మోకు కట్టి మళ్లీ లాగారు. అప్పటికి షిఫ్టు వదిలారు, కార్మికులంతా రోడ్డు మీదికి వచ్చారు. చౌరస్తా ముందు ఎత్తులో బండి మొరాయిస్తే ఆడవాళ్లమూ మోకు పట్టుకున్నాం, ఆడవాళ్లు పట్టవద్దని ఏ రూలులోనూ లేదు కదా. వెనక్కి తిరిగి చూస్తే నా వెనక కాంట్రాక్టర్ చెప్పులు విడిచి లాగుతున్నాడు. చౌరస్తాలో బండి ఆగాక మా ఇంటాయన చేసిన మొదటి పని ట్యాంకు తట్టి చూడడం.

ఆపరేషన్లు రెండూ అయ్యాయి. చిటికెన వేలు ఒక్కటి మాట వినలేదు, మిగతావి తెరుచుకున్నాయి. కట్లు విప్పిన నెలకు మా ఇంటికి వచ్చి పప్పన్నం తానే కలుపుకుని, మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. ఉప్పు తక్కువైందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. మా ఇంటాయన పోయి పన్నెండేళ్లైంది. మింగిన పొగంతా రొమ్ములో కూర్చుని తీసుకుపోయింది. ఆయనకు పతకాలేవీ రాలేదు. నాకు మాత్రం ఆ రోజు చాలు.

మొన్న పిలవడానికి వచ్చినప్పుడు ఆమె మా కోడలికి బొట్టు పెట్టి నా వైపు తిరిగింది. ముండమోసినదానికి బొట్టేమిటని నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె వేలు అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది. "గా దినం రోడ్డు మీద నువ్వు జరిగినవా అక్కా? ఇప్పుడెందుకు జరుగుతవ్," అంది. ఇగ నేను ముఖం ముందుకు పెట్టాను.

పెళ్లికి మనవరాలితో ఆటోలో వెళ్లాను. నువ్వు నిలబడ్డ చోటు ఎక్కడ నానమ్మా అని దారంతా అడిగింది, చూపించలేకపోయాను. రోడ్డు వెడల్పైంది, మట్టి పోసి ఎత్తు చేశారు, ఆ గేటూ ఆ హోటలూ లేవు. నా కాళ్ల గుర్తు ఎన్ని పొరల తారు కింద ఉందో. ఇప్పుడెవరికైనా ఆపద వస్తే ఫోన్లో నొక్కి పైసలు పంపిస్తున్నారట, అదీ మంచిదే, కానీ ఎవరు లాగారో ఎవరు నిలబడ్డారో ఒకరికొకరు తెలియకుండానే అయిపోతోంది. ఇంతలో వెనక నుంచి సైరన్ వినిపించింది. కార్లు ఒక్కటీ జరగడం లేదు, మా ఆటో అతన్ని గద్దించి పక్కకు తీయించాను. ఎర్ర బండి, మా కాలం నాటిది కాదు, నా పక్కనుంచే పోయింది. మనవరాలు ఫోటోకు ఫోన్ తీసింది, నేను బండి చప్పుడుకు చెవి పెట్టాను. వెనక భాగం కుంగి ఉంది, మోత లేదు, బరువుగా వెళ్లింది. నిండుగానే ఉంది.