పెట్టె అడుగున సుజాత

గడియారం దొరికిన రోజు నుంచి అరుణ తల్లి చేతులవైపే చూస్తోంది. మద్దమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. ఎమ్మిగనూరులో కూతురింటి వసారాలో కూర్చుని ఇప్పటికీ పక్కింటి మగ్గానికి కండెలు చుట్టి పెడుతుంది. ఆ చేతులు దొంగతనం చేసినవా, చేయనివా? అలా అనుకున్నందుకు అరుణకు తన మీద తనకే రోత పుట్టింది. అనుకోకుండా ఉండడమూ చేతకాలేదు.

సంగతి పాతది. వాళ్ళు ఆదోనిలో ఉన్నప్పుడు మద్దమ్మ ఒక జిన్నింగు మిల్లులో మిషన్లకు పత్తి పోసేది. సాయంత్రం గేటు దగ్గర ఆడకూలీలు కొంగులూ కుచ్చెళ్ళూ దులిపి చూపించాకే బయటికి పంపేవారు. పిడికెడు దూది కూడా మిల్లు దాటకూడదు మరి. 1990 ఫిబ్రవరిలో ఒకరోజు, ఆఫీసులో టైపు కొట్టే అంబాబాయి చేతిగడియారం బల్ల మీది నుంచి మాయమైంది. హెచ్చెంటీ కంపెనీ ఆడవాళ్ళ కోసం చేసే సుజాత రకం. ఆ పొద్దున ఆఫీసు ఊడ్చింది మద్దమ్మ. గేటు దగ్గర ఆమెను రెండుసార్లు దులిపించారు, ఏమీ రాలలేదు. రాలలేదు కాబట్టి ఇంకా గట్టి దొంగ అన్నారు, మర్నాడు పనిలోంచి తీసేశారు. దొంగ అనడానికి మనవాళ్ళకు దొంగసొత్తు దొరకనక్కర్లేదు, ఊడ్చిన మనిషి దొరికితే చాలు.

అప్పటికి అరుణకు నాలుగేళ్ళు. తండ్రి ఇశ్రాయేలు తలెత్తుకోలేక కాపురాన్ని ఎమ్మిగనూరుకు మార్చాడు. దొంగ అన్న మాట కూడా వాళ్ళ వెంటే బస్సెక్కి వచ్చింది. బడిలో, చర్చిలో, కుళాయి దగ్గర "గడియారం మద్దమ్మ కూతురు" అనిపించుకుంటూనే అరుణ పెరిగింది. అన్నవాళ్ళ జుట్టు పట్టుకుంది, దెబ్బలు తింది. ఇశ్రాయేలు చనిపోయేదాకా భార్యను ఆ సంగతి అడగలేదు. నమ్మి అడగలేదో, నమ్మక అడగలేదో ఆయనకే తెలియాలి. మద్దమ్మ మాత్రం కూతురితో ఒక్కసారి, "నేను తీయలేదు పాపా" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని అరుణ ఇన్నేళ్ళూ లోకంతో తగవు పడింది.

మొన్న ఇంటికి సున్నం వేయించడానికి తల్లి రేకుపెట్టె జరపబోయి, బరువుందని సామాను తీస్తే, అడుగున పాత బైబిలు కింద గుడ్డసంచి కనిపించింది. అందులో ఆడవాళ్ళ చేతిగడియారం. అద్దం గీరుకుపోయి పేరు కనిపించడం లేదు. మద్దమ్మ అప్పుడు చర్చిలో ఉంది. అరుణ సంచిని జాకెట్లో దోపుకుని, పెట్టెను ఉన్నట్టే సర్దేసింది.

ఇది సుజాత కాకపోతే చాలు. సుజాతే అయినా, ఆ దొంగతనం తర్వాత తయారైందైతే చాలు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎవరైనా చెబితే మళ్ళీ తల్లి ముఖంలోకి చూడగలనని అరుణ ఆశ. బస్టాండు దగ్గర గడియారాలకు సెల్లులు మార్చే వీరేష్ దాన్ని అటూఇటూ తిప్పి, కీ ఇచ్చే రకం తనకు తెలియదనీ, ఆదోనిలో సోమప్ప అనే ముసలాయన చెప్పగలడనీ అన్నాడు. ఎవరిదక్కా అని కూడా అడిగాడు. మా అత్తదని చెప్పింది. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వచ్చేసరికి, ఇది మా అమ్మ పోలికేమో అని ఆమెకు భయం వేసింది.

ఆదోని స్టేషన్ రోడ్డులో సోమప్ప కొట్టు మనిషి కూర్చుంటే నిండిపోయేంత ఉంటుంది. ఆయన గడియారం కంటే ముందు అరుణను పరీక్షగా చూశాడు. పాత గడియారాలు అమ్మజూపే రకరకాల మనుషులను చూసి చూసి ఆయన కళ్ళు అలా తయారయ్యాయి.

"ఎవురిదమ్మా ఇది?"

అత్తదంది.

"ఏం పేరు అత్తది?"

ఆ ప్రశ్నకు ఆమె సిద్ధపడి రాలేదు. దారి పొడుగునా ఏ పేరు తలుచుకుంటూ వచ్చిందో ఆ పేరే నోట్లోంచి జారింది. "అంబాబాయి."

సోమప్ప కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. అద్దం తుడిచి, హెచ్చెంటీ సుజాత అని తేల్చాడు. ఏ కాలంది అని అరుణ అడిగింది. గడియారం ముఖం చూస్తే ఎనభైల నాటిదిలా ఉందనీ, ఇంతకంటే గట్టిగా చెప్పాలంటే మూత తీయాలనీ అన్నాడు. ఎనభైలంటే దొంగతనానికి ముందే. ఆమె ఆశ పెట్టుకున్న రెండూ పోయాయి. ఇక మూత తీస్తే ఎంత, తీయకపోతే ఎంత అనుకుంది.

ఆయన కత్తిమొనతో మూత లేపాడు. లోపల చక్రాల సందుల్లో తెల్లటి పత్తి నూగు. మూత లోపలివైపు వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత గడియారాన్ని ఆమెకు తిరిగి ఇవ్వకుండా తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అబద్ధం సెప్తాండావు. ఇది అంబాబాయిది కాదు. మిషన్ల కాడ పత్తి పోసిన మనిషిది. యాడ తీసినావు?"

ఆయన మూత ఆమె కళ్ళముందు పెట్టి సూదిగీతలు చూపించాడు. 14-4-87. దాని పక్కన ఒక అక్షరం: మ.

అది ఆయన చేతిరాతే. ఆ రోజుల్లో సీజను చివర బోనసు రాగానే మిల్లుల్లో ఆడవాళ్ళు ఒకరిని చూసి ఒకరు ఇదే సుజాత కొనేవారట. మిషన్ల దగ్గర నూగు దూరి ఆగిపోతే శుభ్రం చేయమని తెచ్చేవారు. బల్ల మీద పది ఉంటే పదీ ఒక్కలాగే ఉండేవి. నీది నాదని తగవు రాకుండా మూతల లోపల తేదీ, పేరులో మొదటి అక్షరం గీసేవాడు. గీసిన సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే మూత తీసి చూపించమని వేధిస్తారని భయం. ఇదంతా విసుగ్గా చెప్పి, నిజం చెప్పకపోతే పోలీసు స్టేషనుకు పోదామన్నాడు.

"మా యమ్మదప్పా," అంది అరుణ. "మద్దమ్మ. అంబాబాయి గడియారం పోకముందు మూడేండ్ల నుంచీ మా యమ్మదే." అంటూనే భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే కథంతా చెప్పుకుంది.

సోమప్ప వెంటనే నమ్మలేదు, ఆయనకు ఆ అలవాటు లేదు. ఆధార్ కార్డు తీయమని, అందులో తల్లి పేరు లేదని సణిగి, చివరికి ఆమె ఫోనులో ఉన్న మద్దమ్మ ఫోటో చూసి, పాత ముఖం గుర్తుపట్టి మెత్తబడ్డాడు. నూగు దులిపి, నూనెచుక్క వేసి, కీ తిప్పాడు. గడియారం నడిచింది.

"ఆ యమ్మ నా కాడికొచ్చి ఒక్క మాట అనింటే, మిల్లుకొచ్చి మూత తీసి సూపిచ్చిందును," అన్నాడు.

బస్సులో అరుణ దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని వచ్చింది. ఎమ్మిగనూరు చేరేసరికి మద్దమ్మ వసారాలో కండెలు చుడుతూ ఉంది, తలెత్తలేదు.

"పెట్టెలో సంచి లేదు," అంది. "ఆదోనికి పోయినావా?"

అరుణ పక్కన చతికిలబడి, తల్లి ఎడమచెయ్యి లాగి గడియారం కట్టింది. లోపల నీ అక్షరం ఉందమ్మా, తేదీ ఉంది, నీదేనని రుజువుంది అని గబగబా చెప్పింది. మద్దమ్మ మణికట్టును దూరంగా పట్టుకుని చూసుకుంది.

"ఆపొద్దు ఇది ఇంట్లోనే ఉండె. నాదే అంటే ఎవురు నమ్ముతారని దాస్తి. మీ నాయనకు తెలీకుండా కొన్నది, ఆయనకూ సెప్పలే. నీకూ సెప్పలే, నువ్వన్నా నమ్ముతాండావు కదా, అది గూడా పోతాదేమోనని."

అరుణ తల దించుకుంది.

అంతలో పక్కింటామె కండెల కోసం గడపలోకి వచ్చింది. మద్దమ్మ కుడిచేత్తో కండెల బుట్ట అందించి, ఎడమచేతి మీదికి కొంగు లాక్కుంది.