నేను రాసుకున్న సన్మాన పత్రం

మా నాటకాల వాళ్లలో సన్మానం చేయించుకునేవాడే తన సన్మాన పత్రం రాసుకోవాలి. ఈ సంగతి బయటికి ఎవరూ చెప్పరు. "మీ గురించి మీకంటే ఎవరికి బాగా తెలుసండీ మాస్టారూ? ఓ పేజీ రాసి వాట్సాప్‌లో పెట్టేయండి" అంటారు సభ పెట్టేవాళ్లు. మనం ఒకసారి "అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకండీ" అని, ఎక్కిన బస్సు దిగేలోపు పంపేస్తాం.

నేను ఇల్లందులో బడి పంతుల్ని. ఇరవై ఏళ్లుగా నాటకాలు రాస్తున్నా ఊళ్లో నా పేరు "డైలాగుల సార్". హోటల్లో మిర్చి బజ్జీలు వేసేవాడిలా నేను డైలాగులు వేస్తానన్నమాట. నాటక రచయిత అని ఒక్కడూ అనడు. నాకున్న బాధల్లా అదే. అందుకే నేలకొండపల్లిలో నాటక పోటీలు పెట్టే ఒక పెద్ద రైతు, మా నాటకం ఆడిన రోజే సన్మానం కూడా చేస్తామని ఫోన్ చేసినప్పుడు నేనేమీ మొహమాటపడలేదు. "అడవి గుండెచప్పుడు విన్న మహా నాటక రచయిత", "గిరిజన హృదయ శిల్పి", "సంభాషణల సామ్రాట్టు" అని రాసుకున్నాను. చివర్లో "నిరాడంబరుడు" అని కూడా చేర్చాను.

ఆ నాటకం, బీడీలు చుట్టే తునికాకు కోసే ఒక ముసలమ్మ కథ. ఆ పాత్రకు పినపాక వైపు అడవి పల్లె నుంచి ఒకామెను తీసుకొచ్చాను. ఎండాకాలం ఆకు కోతకు పోతుంది, మిగతా రోజులు కూలి పని. ఇంట్లో వాళ్ల భాష వేరు, మాతో తెలుగు. చదువు రాదు గానీ ఒకసారి చదివి వినిపిస్తే చాలు, గుర్తుండిపోతుంది. మొదటి రిహార్సల్లో, ఆలస్యంగా వచ్చావని ఆకు కట్టలు కొనే కల్లం దగ్గర గుమస్తా ముసలమ్మను తిట్టే సీను. దానికి ఆమె జవాబుగా "ఓ వనదేవతా! నీ ఒడిలో నా కన్నీటి గాథ వినవా!" అని రాశాను. అది విని ఆగిపోయింది.

"ఏంది సార్, గిట్ల ఎవరు మాట్లాడుతరు? ఎండల మూట మోసుకొచ్చినామె అడవితోని ముచ్చట పెడతదా?"

"మరి ఏమంటుంది?" అన్నాను కోపంగా.

ఆమె నెత్తి మీది మూట దించినట్టు చేతులు దించి, నడుం పట్టుకుని, "ముందుగాల నీళ్లియ్యిండ్రి. తాగినంక తిట్టుండ్రి" అంది.

"రాసింది రాసినట్టు చెప్పాలమ్మా, నాటకమంటే క్రమశిక్షణ" అని ఆమెకు గడ్డి పెట్టి, ఇంటికొచ్చి నా వాక్యం కొట్టేసి ఆమె మాట రాసుకున్నాను. నెల రోజులు ఇదే వరస. అక్కడ తిట్టడం, ఇక్కడ రాసుకోవడం. పోటీ నాటికి నా రాతలో మిగిలినవి "తెర లేచును", "తెర పడును". కరపత్రంలో మాత్రం రచన నా ఒక్కడిదే. నా పేరు పక్కన ఆమె పేరు కూడా వేయాలన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. తోసేశాను.

నాటకం అదిరిపోయింది. నీళ్లడిగిన చోట ముందు వరుసలో ఆసాములు కూడా కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నాకు దండ, శాలువా. రైతుగారు పత్రం చదువుతుంటే, అదే మొదటిసారి వింటున్నట్టు తలొంచుకుని కూర్చున్నాను. ఒకటి రెండు చోట్ల సిగ్గుపడ్డాను కూడా. "నిరాడంబరుడు" దగ్గర చప్పట్లు బాగా పడ్డాయి.

అక్కడితో అయిపోవాల్సింది. ఆయన ఉత్సాహం పట్టలేక "సార్ గురించి నువ్వూ రెండు ముక్కలు చెప్పమ్మా" అంటూ మైకు ఆమె చేతికిచ్చాడు. కక్ష తీర్చుకుంటుందనుకున్నాను.

"సార్ మంచోడు" అంది ఆమె, మనస్ఫూర్తిగా. "మేం మాట్లాడింది ఒక్క ముక్క పోకుంట రాసుకుంటడు. చెయ్యి జల్ది నడుస్తది."

ఆమె గొంతులో ఎగతాళి లేదు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు, నేను శాలువా సర్దుకుంటూ దండం పెట్టాను. ఆ రోజు నా గురించి పలికిన మాటల్లో నేను రాసివ్వనిది అదొక్కటే. నిజం కూడా అదొక్కటే.