మా బావ తగ్గిన తొమ్మిది కిలోలు

మొదటి షిఫ్టు అయిపోయి బాయిలోంచి పైకి వస్తున్నాం. బొగ్గు గనిని మా గోదావరిఖనిలో బాయి అంటారు. మాది ఏటవాలుగా నడిచి దిగే బాయి, ఇరవై రెండేళ్లుగా నేను ఎక్కి దిగిన దారి. ఆ రోజు సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. ఎండాకాలం కదా, ఉక్కపోతలే అనుకుని ఇంకో పది అడుగులు వేశాను. కళ్లు బైర్లు కమ్మాయి. గోడకు ఆనుకుని కూలబడ్డాను.

నేను మైనింగ్ సర్దార్‌ని. పైకప్పు తట్టి చూసి, గాలి చూసి, ఇక్కడ పని చేయొచ్చని నేను చెప్పాకే నా జట్టు పనిలోకి దిగాలి. పదిమంది ప్రాణాలకు పూచీ పడేవాణ్ని నా జట్టువాళ్లే చెరో రెక్క పట్టుకుని బయటికి తెచ్చారు. ఊపిరి అందనందుకంటే అందుకే ఎక్కువ సిగ్గుపడ్డాను.

మర్నాడు కంపెనీ దవాఖానలో ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, స్కానింగ్ చేశారు. కాంటా ఎక్కితే నూట నాలుగు చూపించింది. గుండెకే ఏదో అయిందని నా భార్య సరోజ అప్పటికే మొక్కులు మొక్కింది. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, "గుండె బాగానే ఉంది రాజేశం. బీపీ ఉంది, షుగర్ ఉంది, ఫ్యాటీ లివర్ ఉంది. వీటన్నిటికీ మూలం నీ బరువు. తొంభైకి రావాలి," అంది. ఆర్నెల్లు అండర్‌గ్రౌండ్‌కు అన్‌ఫిట్ అని రాసి, పైన తేలిక పని ఇమ్మంది. ఆర్నెల్లకూ తగ్గకపోతే మెడికల్ బోర్డుకు పోవాలి. వాళ్లు ఎప్పటికీ పైనే ఉండమంటే నా సర్దారీ పోయినట్టే. నాకు చేతనైన పని అదొక్కటే.

నన్ను ల్యాంప్ రూములో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు నెత్తిన పెట్టుకునే లైటు, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ ఇచ్చి, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకుని చార్జింగుకు పెట్టడం అక్కడి పని. నిన్నటిదాకా నా వెనక నడిచినవాళ్లకు కిటికీలోంచి లైట్లు అందించాను.

ఇక మా బావ సంగతి. ఓదెలు బావ మా అక్క భర్త. అదే బాయిలో టింబర్‌మ్యాన్, అంటే కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. మా క్వార్టరుకు నాలుగు క్వార్టర్ల అవతలే ఉంటారు. నాకు అలా అయిందని తెలిసి భయపడి, రెండు రోజుల తర్వాత ఆయనా చూపించుకున్నాడు. ఆయనకూ షుగర్ వచ్చింది. బరువు తొంభై ఎనిమిది, మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన్నీ ఆర్నెల్లు పైనే ఉంచారు. ఇద్దరం ఒకే వారంలో మొదలుపెట్టాం. పొద్దున ఐదింటికి కాలనీ గ్రౌండు చుట్టూ నడక. అన్నం ఒక పూటే, రెండో పూట జొన్నరొట్టె. కల్లు బంద్. నెలకోసారి తూకం వేసి కార్డు మీద రాస్తారు.

మొదటి నెల తిండి మీద ధ్యాస తప్ప ఇంకేమీ లేదు. సరోజ పిల్లలకు చేసే పూరీల వాసన వస్తే బయటికి వెళ్లి నిలబడేవాణ్ని. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గాను. కార్డు జేబులో పెట్టుకుని, సైకిలు తొక్కుకుంటూ, పాడుకుంటూ ఇంటికి వచ్చాను.

సాయంత్రం అక్క వచ్చింది. బావ తొమ్మిది కిలోలు తగ్గాడట. తొంభై ఎనిమిది నుంచి ఎనభై తొమ్మిదికి వచ్చాడు. నా కార్డు జేబులోనే ఉండిపోయింది.

ఇది నా రోగం గురించి రాస్తున్న అనుభవం కాబట్టి అసలు రోగం దాచను. ఆ సాయంత్రం నుంచి నాకు షుగర్ కంటే ఓర్వలేనితనమే ఎక్కువ బాధ పెట్టింది. బావ మా అమ్మకు పెద్ద కొడుకులాంటి వాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజూ వచ్చి పక్కన కూర్చున్న మనిషి. అయినా ఆయన ప్యాంటు నడుము దగ్గర ముడతలు పడుతుంటే నా కడుపు మండిపోయేది. నేను ఏం తక్కువ చేశాను? ఆయన గ్రౌండు నాలుగు చుట్లు తిరిగితే నేను ఐదు తిరిగాను. ఆయన రెండు రొట్టెలు తింటే నేను ఒకటిన్నర తిన్నాను. ఆయన దొంగచాటుగా ఏదో మందు వాడుతున్నాడని అనుమానం వచ్చి, వాళ్లింటికి వెళ్లినప్పుడు అలమర వైపు చూసి వచ్చాను కూడా.

కాలనీలో ఎవరు కలిసినా ఓదెలు బావ మాటే. సరోజ కూడా రొట్టె వడ్డిస్తూ, "మీ బావ ఎట్ల చేస్తున్నడో అడుగరాదు," అనేది. ఒకరోజు అక్క సంచీ నిండా బావ పాత చొక్కాలు తెచ్చింది. ఆయనకు వదులైపోయాయట, నాకు సరిగ్గా సరిపోతాయట. అక్క మనసులో ఏ కల్మషమూ లేదని నాకు తెలుసు. ఆ సంచీని మంచం కిందికి తోసేశాను.

కోపంతో రాత్రి తిండి మానేశాను. వారానికే గ్యాస్ట్రైటిస్ వచ్చింది. డాక్టరమ్మ తిట్టింది. "బరువు కొన్నాళ్లు కదలదు. ప్లేటో అంటాం. ఒంటికి అలవాటు కావాలి కదా, ఆగు," అంది. ఆగడమే నాకు రాదు. రెండో నెల ఒక్క కిలో తగ్గింది. మూడో నెల ఏమీ తగ్గలేదు. తొంభై తొమ్మిది దగ్గర ముల్లు ఆగిపోయింది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలన్నీ మూతబడ్డాయి. రోజూ టెంటు కింద కూర్చోవడం, నినాదాలు, రోడ్డు మీదే వంటా వార్పు. తెలంగాణ కోసం ఎంత ఆవేశపడ్డానో, ఆ పెద్ద వంట గంజుల దగ్గర నిలబడి అంత తిన్నాను. వేడి అన్నం, పప్పు, వంకాయ కూర. ఎవరైనా ఆకులో ఇంకాస్త వేస్తే కాదనలేదు. సమ్మెలో అందరం ఒక్కటే కదా, బావ కూడా ఇలాగే తింటున్నాడులే అని లోపల సంతోషపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన టెంటుకు రాకముందే రోజూ ఐదింటికి గ్రౌండు తిరిగి వస్తున్నాడట.

సమ్మె అయిపోయి ఆర్నెల్లు నిండేసరికి మళ్లీ తూకం. బావ ఎనభై నాలుగు, షుగర్ కంట్రోల్‌లో ఉంది, ఫిట్. నేను నూట రెండు. డాక్టరమ్మ నాకు ఇంకో మూడు నెలలు గడువిచ్చి, అదే చివరిదని చెప్పింది. బావ బాయిలోకి దిగే మొదటి రోజు ల్యాంప్ రూము కిటికీలోంచి ఆయనకు లైటు అందించింది నేనే. "నువ్వు గుడ జల్ది వస్తవు తియ్యి," అన్నాడు. నేను తర్వాతివాడి లైటు కోసం వెనక్కి తిరిగాను.

ఆ రోజు నుంచి నడక మానేశాను. చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిన్నాను. నా వల్ల కాదని తేలిపోయిందనుకున్నాను.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం బాయి మీద ఉండే ఫస్ట్ ఎయిడ్ గదికి టించరు కోసం వెళ్లాను. షిఫ్టు దిగి పైకి వచ్చే దారిలో ముందు ఆ గది, తర్వాత ల్యాంప్ రూము ఉంటాయి. అక్కడున్న పాత కాంటా మీద ఒక కుర్రకార్మికుడు సరదాగా ఎక్కాడు. బూట్లు, టోపీ, నడుముకు బ్యాటరీ, అన్నీ అలాగే ఉన్నాయి. కట్టు కట్టే ఆయన నవ్వి, "లైటు ఇచ్చి రా పో. ఎండకాలంల దవాఖానకు పోయే ముందు మీ ఓదెలు గుడ గిట్లనే ఎక్కిండు. నేను ఎవనికో కట్టు కడుతున్న, తనే సూసుకుని తొంభై ఎనిమిది రాస్కపోయిండు," అన్నాడు.

నేను ల్యాంప్ రూముకు దాదాపు పరుగెత్తాను. ఒక లైటు, బ్యాటరీ, బెల్టు, దానికి తగిలించే సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు వస్తే ఊపిరికి వాడే డబ్బా), టోపీ, బూట్ల జత ఒక సంచీలో వేసి తెచ్చి కాంటా మీద పెట్టాను. ఏడు కిలోలు.

దవాఖానలో నెలనెలా తూచింది చొక్కా, ప్యాంటు మీదే. మొదటి అంకె ఒక్కటే, అక్కడ అడిగితే బావ ఈ కాంటా మీద చూసుకున్నది చెప్పడంతో, అలాగే కార్డెక్కినట్టుంది. అంటే బావ మొదటి నెల తగ్గింది రెండే. నేను నాలుగు తగ్గాను. ఆ సంతోషం చెప్పలేను. మర్నాడు ఐదింటికి ఎవరూ లేపకుండానే లేచాను. వారం పాటు ఏడేసి చుట్లు తిరిగాను. నా ఉత్సాహం తిరిగి వచ్చింది, అయితే అది కుళ్లుతో వచ్చిన ఉత్సాహం.

అది నా ఒక్కడి దగ్గర ఆగితే బాగుండేది. ఆదివారం అక్క వాళ్లింట్లో భోజనాలు. మంథని వైపు చుట్టాలు నలుగురైదుగురు వచ్చారు. వాళ్లలో లావుపాటి ఆయనకు బావ ధైర్యం చెబుతున్నాడు, మొదటి నెలే తొమ్మిది కిలోలు తగ్గానని, పట్టుదల ఉంటే ఎవరైనా తగ్గొచ్చని. నేను అన్నం కలుపుతూ అన్నాను, "తొమ్మిదిల ఏడు కిలోలు కంపెనీవి బావా. లైటు, బూట్లు, టోపీ. నీయి రెండే."

సంగతంతా విడమరిచి చెప్పాను. అందరూ విరగబడి నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వాడు. తర్వాత మంచినీళ్లు తాగి చేయి కడుక్కున్నాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

మర్నాడు గ్రౌండుకు బావ రాలేదు. రెండోనాడూ రాలేదు. మొదట్లో ఒంటరిగా నడవడం బాగుంది. గెలిచినవాడి నడక నడిచాను. మూడు వారాలకు నాకూ బద్ధకం మొదలైంది. ఎవరిని మించిపోవాలని లేస్తాను? ముందు నడిచే మనిషే లేడు. గడువు ఇంకో నెల మాత్రమే ఉంది, నేను తొంభై ఎనిమిది దగ్గర ఉన్నాను.

అక్క వచ్చింది. ఈసారి సంచీ ఏమీ తేలేదు. బావ షుగర్ మూడు వందలు దాటిందట, మాత్రలు కూడా సరిగ్గా వేసుకోవడం లేదట. సరోజ టీ ఇస్తే ముట్టుకోలేదు.

"ఆయన ఎన్ని కిలోలు తగ్గిండో నాకెందుకు తమ్మీ," అంది. "పొద్దుగాల లేస్తుండె. నువ్వు గా మాట అన్నప్పటిసంది లేస్తలేడు. ఇగ నువ్వే లేపు."

మర్నాడు ఐదింటికి వెళ్లి బావ తలుపు కొట్టాను. చాలాసేపటికి వచ్చాడు. రానన్నాడు. నేను గడపలోనే కూర్చున్నాను, తప్పయిందన్నాను. ఆయన కూడా కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్పలే రాజేశం. నాకు గుడ తెల్వది," అన్నాడు. "తొమ్మిది తగ్గిన అంటే నాతోని అయితదనిపించింది. రెండే అని అప్పుడే తెలిస్తే గా రోజే ఇడిశిపెట్టేటోన్ని."

ఆ మాట విన్నాక నాకు ఏడుపొచ్చింది. నిజంగా నాలుగు తగ్గిన నేను ఆయన కార్డు చూసి వదిలేశాను. రెండే తగ్గిన ఆయన తన కార్డు చూసుకుని సమ్మెలో కూడా నడిచాడు, నడిచి నిజంగానే ఏడు తగ్గాడు. ఆ ఏడింటిలో లైటూ లేదు, బూట్లూ లేవు. ఆ సంగతి ఆదివారం నాడు నేను ఎవరికీ చెప్పలేదు. నాకూ తెలుసు, లెక్క వేసుకున్నాను, అయినా చెప్పలేదు.

ఆ రోజు ఆయన రెండు చుట్లు నడిచాడు. తర్వాతి రోజు మూడు. నేను వెళ్లకపోతే ఆయన లేవడు, అందుకని నాకు జ్వరం వచ్చినట్టున్న రోజు కూడా వెళ్లాను. నా బరువు కోసమైతే అన్ని రోజులు లేచేవాణ్ని కానని ఒప్పుకుంటాను. ఒకరి కార్డు ఒకరికి చూపించుకోవద్దని మాట అనుకున్నాం.

గడువు రోజున నేను తొంభైకి రాలేదు, తొంభై ఆరు దగ్గరే ఉన్నాను. కానీ షుగర్, బీపీ దిగాయి. టీఎంటీ అని మిషను మీద నడిపించి గుండె చూశారు. డాక్టరమ్మ, "నెలనెలా రావాలి. ఒక్క నెల ఎగ్గొట్టినా పైకి పంపిస్తా," అని ఫిట్ రాసింది. నేను మళ్లీ నా జట్టుతో దిగాను.

ఇప్పుడు రాష్ట్రం కూడా వచ్చింది. నేను ఎనభై ఎనిమిది. తగ్గడం, పెరగడం, మళ్లీ తగ్గడం ఇంకా నడుస్తూనే ఉంది. దసరాకు రెండు కిలోలు పెరుగుతాను, మళ్లీ సంక్రాంతిలోపు దింపుతాను. బావ డెబ్బై తొమ్మిది. మాట తప్పి పోయిన నెల ఆయన కార్డు దొంగతనంగా చూశాను. ఆయన నాకంటే బాగా నడుస్తాడు, నాకంటే తక్కువ తింటాడు, నాకు ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. అది పోతుందని నేను ఎవరికీ చెప్పను.

బరువు తగ్గాలని మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒకే కాంటా మీద, ఒకే పూట, ఒకేలాంటి బట్టల్లో తూగండి, ఆ అంకె మీ దగ్గరే ఉంచుకోండి. పక్కవాణ్ని చూసి ఓర్వలేకపోతే ఓర్వలేకపోండి, అది మన చేతిలో లేదు. కానీ ఆ మనిషి పొద్దున్నే దేన్ని చూసుకుని లేస్తున్నాడో దాని జోలికి మాత్రం పోకండి. పోయారంటే, మర్నాటి నుంచి అతన్ని లేపే పని మీదే.