తలమూటల మీద ఆశీలు

ఈ ఉదయం సంతలో ఎవరో పచ్చి అల్లం గోతం విప్పారు. తడిమట్టి వాసన గుప్పుమనగానే సోమన్న మావ గుర్తొచ్చాడు. తొంభైల చివర్లో ఆయన మా సర్పంచి, నేను కొత్తగా గెలిచిన వార్డు మెంబరుని. ముంచింగిపుట్టు దాటాక, ఒడిశా సరిహద్దుకి దగ్గర్లో మా ఊరు.

ఆ ఏడాది సంత ముందు సిమెంటు ఆర్చి కట్టాలని మెంబర్లు పట్టుబట్టారు. అందుకు ఆశీలు, అంటే సంతకి సరుకు తెచ్చినవాళ్ల దగ్గర వసూలు చేసే పన్ను, పెంచుదామన్నారు. ఆర్చి మీద మా పేర్లూ ఉంటాయనేసరికి నేనూ సరేనన్నాను. సంతరోజు పొద్దున్నే మావ నన్ను ఘాటురోడ్డు మలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆశీలు ఇంకా పెంచనేలేదు, అయినా అల్లం, పసుపు తలకెత్తుకున్న ఆడవాళ్లు మా సంతకి రాకుండా అడ్డదారిన సరిహద్దు అవతలి సంతకి దిగిపోతున్నారు.

"ఏటమ్మా, మన సంతకి రారేటి?" అని ఒకామెని అడిగాడు.

"అమ్మకముందే ఆశీలు కట్టమంతన్నారు. సరుకు అమ్ముడవకపోతే ఏటి సేత్తాం బాబూ?" అందామె, నడక ఆపకుండానే.

తిరిగి వస్తుంటే మావ నెమ్మదిగా అన్నాడు: "పంచాయితీకి సొంత డబ్బు లేదమ్మా. ఆల్లు మోసుకొచ్చిన దాన్లోంచే మనం తీసుకుంతన్నాం. ఎక్కువ లాగితే ఆల్లే రారు. అప్పుడు ఆర్చి కింద ఎవులు నడుత్తారు?"

తలమూటలకి ఆశీలు ఎత్తేయాలనీ, లారీల మీద మాత్రమే ఉంచాలనీ, ఆర్చి మానుకోవాలనీ ఆయన సభలో తీర్మానం పెట్టాడు. ఆశీలు వసూలు చేసుకునే హక్కుని వేలంపాటలో దక్కించుకున్నది ఆయన సొంత బావమరిదే. ఆ రోజు నుంచి అతను మావతో మాట్లాడలేదు. ఓట్లు సమానంగా చీలి, చివరికి నా చెయ్యి లేచాకే తీర్మానం గెలిచింది.

మొదట్లో ఆదాయం పడిపోయింది. వీధిలైట్లు బాగుచేయించలేకపోయాం, జనం తిట్టారు. ఉన్న కాస్త డబ్బూ మావ మంచినీళ్ల కుళాయికే పెట్టాడు.

"తప్పు సేసినామేటి మావా?" అని అడిగాను.

"దారి మళ్లినోల్లు ఒక్కపాలే తిరిగొత్తారేటి? ఆగమ్మా."

వానలు వెనకబట్టాక ఆడవాళ్లు ఒక్కొక్కరే రాసాగారు. వాళ్ల సరుకు కోసం మైదానం నుంచి షావుకార్లు లారీలతో వచ్చారు. కొనేవాళ్లు పెరిగి, పోటీపడి అల్లానికి మంచి ధర ఇచ్చారు. తక్కువ ఆశీలే అయినా, లారీలు ఎక్కువై పంచాయతీ నిలదొక్కుకుంది. వీధిలైట్లు మళ్లీ వెలిగాయి. మావ అదంతా కళ్లారా చూసుకునే పోయాడు.

ఇప్పుడు సర్పంచిని నేనే. బడి పైకప్పుకో, నీళ్ల పైపుకో సంతకం పెట్టడానికి వెనకాడను. కానీ ఏ ఖర్చు కాగితం ముందుకొచ్చినా, ఇది ఎవరి కష్టంలోంచి వస్తోందని కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ కాస్త జంకు ఆయన నాకిచ్చి వెళ్లిందే.